అడ్వాన్సు ఇవ్వకండి, ముందు ఆ నంబరు చదవండి

పాత ల్యాప్‌టాప్ కొనడానికి వెళ్తున్నారా? జేబులోంచి డబ్బు తీసే ముందు ఒక్క నంబరు చదవండి. మూత తెరవగానే కనిపించే మెరుపు స్టిక్కరు మీదది కాదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, దాంట్లో అబౌట్ నొక్కితే ప్రాసెసర్ పేరు పక్కన కనిపించే పూర్తి నంబరు. అది చూపించడానికి అమ్మేవాడు తటపటాయిస్తే బేరం అక్కడితో చాలించి లేచి రండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. రెండు పరిణామాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి మధ్యతరగతి ఇళ్ల మీద పడ్డాయి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. విండోస్ 11కి అర్హత లేని పాత యంత్రాలతో ఆఫీసులకు ఇక పని లేదు. వాటికి చివరి మజిలీ సెకండ్ హ్యాండ్ బజారే. రెండోది మెమరీ కరువు. ర్యామ్ చిప్పుల ప్రపంచ మార్కెట్టును శాసించేవి ముఖ్యంగా మూడు కంపెనీలు: శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. కృత్రిమ మేధ డేటా సెంటర్లకు కావలసిన ఖరీదైన మెమరీ వైపు అవి మొగ్గడంతో 2025 చివరి నుంచి మామూలు ర్యామ్ ధర నిచ్చెనెక్కింది. మైక్రాన్ అయితే జనం విడిగా కొనుక్కునే క్రూషియల్ బ్రాండు వ్యాపారాన్నే మానుకుంటున్నట్టు ఆ డిసెంబర్‌లో ప్రకటించింది. ర్యామ్ పెరిగితే ల్యాప్‌టాప్ పెరగక ఏం చేస్తుంది? పిల్లాడి చదువుకని నలభై వేలు దాచిన ఇంటికి, ఆ డబ్బుతో కొత్తది కొంటే ఏడాది కిందట వచ్చినంత సరుకు ఇప్పుడు రాదు.

అంటే కొత్తది చేయి దాటిపోతున్న వేళకే పాతది కుప్పలుగా వచ్చి పడుతోంది. మోసానికి ఇంతకంటే మంచి అదను దొరకదు. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ ముగిసి సీటు అలాట్‌మెంట్ కాగితం చేతికొచ్చిన వారంలో, క్లాసులు మొదలయ్యేలోపు ఏదో ఒకటి కొనిపెట్టాలన్న ఆదుర్దాలో ఉన్న తల్లిదండ్రులే ఈ వ్యాపారానికి మొదటి గిరాకీ.

దుకాణంలో వినిపించే మాట దాదాపు ఒకేలా ఉంటుంది. "ఐ7 సార్, 16 జీబీ ర్యామ్, కంపెనీ సరుకు, పీస్ నీట్‌గా ఉంది, పద్దెనిమిది వేలకు ఇచ్చేస్తా." ఇందులో ప్రతి మాటా నిజమే కావచ్చు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఐ7 అనేది ఆ యంత్రం ఏ తరగతిదో చెబుతుందే గాని, ఎప్పుడు పుట్టిందో చెప్పదు. వయసు చెప్పేది దాని తర్వాత వచ్చే అంకె. ఐ7-4600యూ అని ఉంటే గీత తర్వాతి 4 నాలుగో తరానికి గుర్తు. అది 2013 నాటి చిప్పు, లోపల రెండే కోర్‌లు. దాని పక్కన 2022లో వచ్చిన ఐ3-1215యూ పెట్టండి. పేరుకు ఐ3, కానీ పన్నెండో తరం, ఆరు కోర్‌లు. రోజువారీ పనిలో ఈ ఐ3 ఆ ఐ7ను చాలా వెనక్కి నెట్టేస్తుంది. ఐ7 అన్న మాట విని కొన్న తండ్రికి, ఐ3 అని చిన్నచూపు చూసి వదిలేసినదే మేలైనదని చెప్పేవాళ్లు ఆ దుకాణంలో ఉండరు.

ఇంటెల్‌లో ఈ లెక్క చదవడం కష్టమేమీ కాదు. 6300 అంటే ఆరో తరం, 8250 అంటే ఎనిమిదో తరం. పదో తరం నుంచి రెండంకెలు కలిపి చదవాలి: 1135 పదకొండు, 1235 పన్నెండు. కొత్త యంత్రాల్లో కోర్ 5, కోర్ అల్ట్రా అంటూ పేర్లు మార్చి ఈ చదువును మళ్లీ చెడగొట్టారు గానీ, సెకండ్ హ్యాండ్ బజారులో మీకు ఎదురయ్యేవి ఎక్కువగా పాత పేర్లే. ఎనిమిదో తరం 2017లో మొదలైంది. అదే గీత. విండోస్ 11కి ఇంటెల్ వైపు మైక్రోసాఫ్ట్ పెట్టిన హద్దు దాదాపుగా అక్కడే ఉంది. ఏడో తరంలో అర్హత ఉన్నవాటిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అనుమానం ఉంటే, ముఖ్యంగా ఇంటెల్ కాని రైజెన్ చిప్పుల విషయంలో, మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత యాప్ అక్కడికక్కడే అర్హత తేల్చి చెబుతుంది. దుకాణంలోనే వేయించి చూడండి.

"విండోస్ 11 వేసే ఇస్తాం సార్" అన్న మాటకు పడిపోవద్దు. అర్హత లేని యంత్రంలోనూ అడ్డదారిన విండోస్ 11 ఎక్కించవచ్చు. ఆ పని చేసే ఉచిత సాధనాలు ఎవరికైనా దొరుకుతాయి. తెర మీద కొత్త విండోస్ మెరుస్తుంది, మీరూ మురిసిపోతారు. కానీ అలాంటి యంత్రాలకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే తేల్చి చెప్పింది. విండోస్ 10తోనే ఉండిపోతామన్న వ్యక్తిగత వాడకందారులకు ఇచ్చిన అదనపు భద్రతా గడువు 2026 అక్టోబర్ 13 వరకే. ఆ తర్వాత బయటపడే ప్రతి లొసుగూ తీసి ఉంచిన తలుపే. అదే యంత్రంలో మీరు బ్యాంకు ఖాతా తెరుస్తారు, యూపీఎస్సీ దరఖాస్తు నింపుతారు, అమ్మ పెన్షన్ కాగితాలు దాస్తారు. పాత యంత్రం నెమ్మదిగా పనిచేస్తే ఓర్చుకోవచ్చు. ఖాతా ఖాళీ అయితే ఓర్చుకోలేం.

ఆ విండోస్‌కు లైసెన్సు ఉందో లేదో కూడా చూడాలి. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ తెరవండి. డిజిటల్ లైసెన్సుతో యాక్టివేట్ అయిందని ఉంటే సరే. మీ సంస్థ యాక్టివేషన్ సర్వీసు ద్వారా అయిందని ఉంటే ఒక్క క్షణం ఆలోచించండి: మీకు సంస్థ ఎక్కడిది? దొంగ యాక్టివేటర్ వాడినప్పుడు తరచుగా కనిపించే ఆనవాలు అది. ఆ యాక్టివేటర్ ప్రోగ్రాముల వెంట పాస్‌వర్డులు దొంగిలించే సాఫ్ట్‌వేర్ ఉచితంగా వచ్చిన సందర్భాలు కొల్లలు. ఎంఎస్ ఆఫీస్ "ఫ్రీగా వేసిస్తాం" అన్నా ఇదే అర్థం. నిజంగా ఉచితమైనది కావాలంటే లిబ్రే ఆఫీస్ ఉంది. ఉత్తరాలకు, లెక్కలకు, ప్రాజెక్టు రిపోర్టుకు అది చాలు.

ఇక తాళాలు. వీటిని చూడని కొనుగోలుదారులే ఎక్కువ, వీటి దెబ్బ తగిలాక కోలుకునేవాళ్లే తక్కువ. హైటెక్ సిటీలోనో బెంగళూరులోనో ఏదో సంస్థ కొన్ని వందల ల్యాప్‌టాప్‌లు కొంటుంది, లేదా అద్దెకు తీసుకుంటుంది. మూడు నాలుగేళ్లకు లాట్లుగా అమ్మేస్తుంది. అవి సికింద్రాబాద్ సీటీసీ, బెంగళూరు ఎస్‌పీ రోడ్డు, ఢిల్లీ నెహ్రూ ప్లేస్ లాంటి బజార్ల మీదుగా జిల్లా కేంద్రాల దాకా చేరతాయి. ఈ దారిలో తప్పేమీ లేదు. శుభ్రంగా సరిచేసి, బిల్లిచ్చి అమ్మే వ్యాపారులు ఈ బజార్లలో ఉన్నారు. చిక్కంతా ఆ సంస్థ తన పేరును యంత్రం మీదినుంచి తీసేయకుండా వదిలితేనే. కొన్ని యంత్రాలు ఆ సంస్థ నిర్వహణ జాబితాలో నమోదై ఉంటాయి. మీరు ఆర్నెల్లు హాయిగా వాడతారు. ఒకరోజు ఏదో ఇబ్బంది వచ్చి రీసెట్ కొడతారు. ఇంటర్నెట్ తగలగానే తెర మీద ఎవరిదో కంపెనీ పేరు వచ్చి, ఉద్యోగి ఈమెయిల్ పెట్టమంటుంది. యాపిల్ మ్యాక్‌బుక్‌లలో యాక్టివేషన్ లాక్‌తోనూ ఇదే గతి. ఇంకొన్నిటిలో విండోస్ కంటే ముందు తెరుచుకునే బయోస్‌కే పాస్‌వర్డ్ ఉంటుంది; తెలిసిన టెక్నీషియన్ కూడా చాలాసార్లు బోర్డు విప్పకుండా ఏమీ చేయలేడు. దొంగ సరుకైతే మరీ ముప్పు. తెలిసి కొంటే నేరం. తెలియక కొన్నా పోలీసులు వచ్చినప్పుడు యంత్రం పోతుంది, డబ్బూ పోతుంది.

దీనికి మందు ఒక్కటే, అదీ దుకాణంలోనే వేయాలి. మీ ఫోన్ హాట్‌స్పాట్ కలిపి, మీ కళ్ల ముందు యంత్రాన్ని పూర్తిగా రీసెట్ చేయించండి. గంట పడుతుంది. పట్టనివ్వండి. ఆ గంటలో టీ తాగండి, పక్క దుకాణంలో ధర కనుక్కోండి, కానీ రీసెట్ పూర్తయి మీ సొంత ఖాతాతో లోపలికి వెళ్లేదాకా డబ్బు ఇవ్వకండి. దీంతో ఇంకో లాభం ఉంది: పాత యజమాని, మధ్యలో దుకాణం కుర్రాడు వదిలిన ప్రోగ్రాములు చాలామటుకు తుడిచిపెట్టుకుపోతాయి. తర్వాత ఆన్ చేస్తూ డెల్‌కైతే ఎఫ్2, హెచ్‌పీకైతే ఎఫ్10, థింక్‌ప్యాడ్‌కైతే ఎఫ్1 నొక్కి బయోస్‌లోకి వెళ్లండి. పాస్‌వర్డ్ అడిగిందంటే ఆ పీసు వద్దు.

అడుగున అతికించిన సీరియల్ నంబరు, డెల్ అయితే సర్వీస్ ట్యాగ్, ఫోన్‌లో ఆ కంపెనీ అధికారిక వారంటీ పేజీలో కొట్టి చూడండి. వారంటీ ఎప్పుడు మొదలైందో తెలిస్తే యంత్రం వయసు తెలిసినట్టే. "రెండేళ్లే వాడారు సార్" అన్నది అబద్ధమైతే రెండు నిమిషాల్లో బయటపడుతుంది. బాడీ మారుస్తారు, కీబోర్డు మారుస్తారు, మూతకు కొత్త రంగు ఫిల్మ్ అంటిస్తారు. పైన పటారం, లోన లొటారం. బాడీ మీది నంబరూ బయోస్‌లో కనిపించే నంబరూ కలవకపోతే ఒకటికి మూడు యంత్రాల భాగాలు కలిపి కట్టిన సరుకని అనుమానించాల్సిందే.

బ్యాటరీ సంగతి మాటల్లో తేలదు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పి, ఓ, డబ్ల్యూ, ఈ, ఆర్, సి, ఎఫ్, జి అక్షరాలు వరసగా కొట్టి, ఒక ఖాళీ విడిచి, స్లాష్ పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని కలిపి ఇంగ్లిష్‌లో టైపు చేస్తే ఒక నివేదిక తయారవుతుంది. అందులో పుట్టినప్పటి సామర్థ్యం, ఇప్పుడు పూర్తిగా ఛార్జి అయితే నిలిచే సామర్థ్యం రెండూ ఉంటాయి. రెండోది మొదటిదానిలో సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చును బేరంలోంచి తగ్గించి మాట్లాడండి. టచ్‌ప్యాడ్ ఉబికినా, మూత సరిగ్గా మూసుకోకపోయినా బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. దానికి బేరం లేదు. నిప్పంటుకునే వస్తువును హాస్టల్ గదిలో పరుపు పక్కన పెట్టుకోం కదా.

ఇంత చదివాక, ఈ గోలంతా ఎందుకు, చవకలో కొత్తదే కొందాం అనిపించవచ్చు. అక్కడా గొయ్యి ఉంది. అన్నిటికంటే తక్కువ ధరకు దొరికే కొత్త ల్యాప్‌టాప్‌లలో 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ నిల్వ, సెలెరాన్ ఎన్ వరుస చిప్పు ఉన్నవి ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి. విండోస్ 11 నడవడానికి మైక్రోసాఫ్ట్ చెప్పిన కనీస అవసరమే 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ. అంటే మీరు కొన్నది విండోస్‌కు సరిపోయింది, మీకేం మిగిలింది? రెండో పెద్ద అప్‌డేట్‌కు చోటు చాలదంటుంది. నా మటుకు నేను తేల్చి చెబుతాను: అదే ధరకు పాత థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ లాంటి ఆఫీసు వరుస యంత్రం, ఎనిమిదో తరమో ఆ పైదో, పరీక్షలన్నీ దాటినది దొరికితే ఈ కొత్తదాని కంటే అదే ఎంతో నయం. సెకండ్ హ్యాండ్ అనే మాటకు భయపడనక్కర్లేదు. వయసు దాచిన సెకండ్ హ్యాండ్‌కే భయపడాలి.

కొత్త వాటిలోనూ పేర్ల గారడీ ఉంది. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ. చూడ్డానికి ఒక్క అంకె తేడా. మొదటిది 2019 నాటి జెన్ 2 నిర్మాణం మీద కట్టిన నాలుగు కోర్‌ల చిప్పు. రెండోది జెన్ 3, ఆరు కోర్‌లు. ఆ వరుసలో మూడో అంకె నిర్మాణం వయసు చెబుతుంది. సేల్స్‌మన్‌కు ఇది తెలియకపోవచ్చు, మీకు తెలిస్తే చాలు.

రోజువారీ వాడకానికి, అంటే క్లాసులు, కోడింగ్ సాధన, ట్యాలీ, వీడియో కాల్, దరఖాస్తులకు, నేను పెట్టే హద్దు ఇది: ర్యామ్ 8 జీబీకి తగ్గకూడదు, 16 దొరికితే వదలకూడదు, నిల్వ ఎస్‌ఎస్‌డీ, 512 జీబీ, తెర ఫుల్ హెచ్‌డీ. ఒక టీబీ హార్డ్ డిస్క్ అని ఊరిస్తే వద్దనండి. ఎస్‌ఎస్‌డీ లేని ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 నత్తనడకే. "ఇప్పుడు 8 తీసుకోండి, తర్వాత పెంచుకోవచ్చు" అంటే స్లాట్ చూపించమనండి. చాలా పలచటి మోడళ్లలో ర్యామ్‌ను బోర్డుకే సోల్డర్ చేసేస్తున్నారు, పెంచే దారే ఉండదు. స్లాట్ ఉన్నా ఇప్పటి ర్యామ్ ధరలకు ఆ "తర్వాత" చాలా ఖరీదైన మాట. సీఎస్ఈ సీటు వచ్చింది కాబట్టి గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలని కొడుకు మారాం చేస్తే, మొదటి రెండేళ్ల సిలబస్‌లో దానికి పని లేదని చెప్పండి. బరువెక్కువ, బ్యాటరీ తక్కువ. ఫ్యాన్ చప్పుడు రూమ్మేట్లకు బోనస్. క్రోమ్‌బుక్ చవగ్గా దొరుకుతుంది గానీ అందులో ట్యాలీ గాని, కాలేజీ ల్యాబుల్లో వాడే విండోస్ సాఫ్ట్‌వేర్ గాని మామూలుగా ఎక్కవు.

అమెరికాలో ఉన్న బావగారో అక్కో వచ్చేటప్పుడు తెప్పించుకోవడం మన ఇళ్లలో మామూలే. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా తేవచ్చు. కానీ అక్కడ కొన్న మోడల్‌కు ఇక్కడ వారంటీ చెల్లుతుందా అన్నది కంపెనీని బట్టి, ఒకే కంపెనీలోనూ మోడల్‌ను బట్టి మారుతుంది. వాళ్లు కొనకముందే అడిగి తెలుసుకోవాలి, విమానం దిగాక కాదు.

ఆన్‌లైన్ గురించి రెండే ముక్కలు. సైనిక ఉద్యోగినని, బదిలీ అయిందని, కొత్త ల్యాప్‌టాప్ సగం ధరకే ఇస్తానని, ముందు రవాణా ఖర్చు పంపమని వచ్చే సందేశం మోసం. ప్రభుత్వం ఉచితంగా ల్యాప్‌టాప్‌లు ఇస్తోందని వాట్సాప్‌లో తిరిగే లింకులూ మోసమే. ఇలాంటివి అబద్ధమని పీఐబీ ఫ్యాక్ట్ చెక్ పలుమార్లు ప్రకటించింది. డబ్బు పోయిందని గ్రహించిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. అక్కడ ఆలస్యమైన ప్రతి గంటా మోసగాడికి లాభం.

బిల్లు దగ్గర మాత్రం తగ్గకండి. "జీఎస్టీ లేకుండా అయితే రెండు వేలు తగ్గిస్తా" అంటూ కచ్చా చీటీ రాసివ్వడం ఈ వ్యాపారంలో అలవాటైపోయింది. మీకు తగ్గింది రెండు వేలు, పోయింది మీ హక్కు మొత్తం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం పాత వస్తువును, మరమ్మతు చేసిన వస్తువును కొత్తదని నమ్మించి అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లివ్వకపోవడం కూడా అంతే. లోపం ఉన్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి నిరాకరించడమూ అదే కోవలోకి వస్తుంది. కాబట్టి "టెస్టింగ్ వారంటీ పదిహేను రోజులు" అని నోటితో చెబితే నమ్మకండి, బిల్లు మీద రాయించండి. ప్రాసెసర్ పూర్తి నంబరు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, సీరియల్ నంబరు, రీఫర్బిష్డ్ అన్న మాట, అన్నీ ఆ కాగితం మీదే ఉండాలి. నిజాయితీ గల వ్యాపారికి ఇవి రాయడానికి అభ్యంతరమేముంటుంది?

తప్పంతా కొనేవాళ్ల మీదే నెట్టడం అన్యాయం. ల్యాప్‌టాప్ తెచ్చుకోవాలని చెప్పే కాలేజీలు ఎలాంటిది తేవాలో రెండు వాక్యాల్లో ఎందుకు చెప్పవు? ఏ తరం ప్రాసెసర్, ఎంత ర్యామ్, ఏ సాఫ్ట్‌వేర్ నడవాలి అన్నది అడ్మిషన్ కాగితంలోనే అచ్చువేస్తే సగం మోసాలు మొదలవకముందే ఆగుతాయి. ఏ బ్రాంచికి ఏం కావాలో కంప్యూటర్ సైన్స్ విభాగాధిపతికి తెలియనిది కాదు. వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా ఒక పని చేయాలి. రీఫర్బిష్డ్ అని అమ్మే ప్రతి యంత్రం ధర చీటీ మీద తయారైన సంవత్సరం, విండోస్ 11 అర్హత ఉందో లేదో రాయడం తప్పనిసరి చేయాలి. బిస్కెట్ ప్యాకెట్‌కు తయారీ తేదీ అడిగే దేశంలో, ఇరవై వేల యంత్రానికి అడగడం అతి కాదు.

ఇప్పటికే కొనేసి, ఇది చదువుతూ గుబులు పడుతున్నవాళ్లు ఈ రాత్రే ఆ నంబరు చూడండి. చెప్పినదొకటి, ఉన్నదొకటి అయితే తెర ఫొటో తీసి, బిల్లుతో కలిపి, అమ్మినవారికి వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో రాతపూర్వకంగా పంపండి. ఫోన్‌లో పోట్లాడితే సాక్ష్యం మిగలదు. బిల్లు లేకపోతే యూపీఐ చెల్లింపు వివరం, మాట్లాడుకున్న సందేశాలు చెరపకుండా దాచండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడా తేలకపోతే మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. ల్యాప్‌టాప్ ఏ ఊళ్లో కొన్నా సరే. లాయరు అక్కర్లేదు. అయిదు లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. యంత్రం కొని నెల దాటకపోతే ముందు ఆ రాతపూర్వక ఫిర్యాదు రేపు ఉదయానికల్లా వెళ్లాలి.